చామంతికి చీకటి కావాలి

దసరా వెళ్లేసరికి మా ఊరు టైడాలో సాయంత్రాలు చల్లబడిపోతాయి. పైన అరకు లోయలో వలిసె చేలు పచ్చగా విరగబూస్తాయి, జనం కార్లు ఆపి మరీ ఫొటోలు తీసుకుంటారు. మా పెరట్లో చామంతి మాత్రం అప్పటికింకా చిన్న చిన్న మొగ్గల మీదే ఉంటుంది. వలిసె, చామంతి ఒకే కుటుంబం మొక్కలు. రెండూ రాత్రి పొడుగును బట్టే పూతకొస్తాయి.

మొక్కలు పగలూ రాత్రీ కొలుచుకుంటాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ పొగాకు, సోయాచిక్కుడు మీద తేల్చి చెప్పారు. మన కొండల్లో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ ఉన్న తేడా రెండు గంటల పైచిలుకే. ఆ కాస్త తేడానూ చామంతి ఆకు కనిపెడుతుంది! అర్ధరాత్రి కాసేపు వెలుగు పడినా చాలు, లెక్క చెడిపోతుంది. అందుకే వీధి దీపం కింద గుబురు ఆకులేసుకుంటూ ఉండిపోతుంది, నాలుగడుగుల అవతలిది పూసేస్తుంది. కడియం నర్సరీల వాళ్లు దీన్నే పనికి పెట్టుకుని, రాత్రిళ్లు మడుల మీద బల్బులు వెలిగించి, పూతను తమకు కావలసిన రోజులకు జరుపుకుంటారు. పెరటి చామంతికి ఆ అవసరం లేదు. పడుకోబోయే ముందు వరండా దీపం ఆర్పేస్తే చాలు.

అసలు కష్టమంతా వానాకాలంలోనే. పిలకల్ని జూన్, జూలైల్లో విడదీసి నాటుతాం. ఇక్కడి వాన తెరిపివ్వదు, చామంతి వేరుకేమో నిలవనీరు పడదు. మడి జానెడు ఎత్తు లేకపోతే మొక్క మొదలు కుళ్లి ఒరిగిపోతుంది. బాగా చివికిన పశువుల గెత్తం వేసి, మొక్క కాస్త నిలదొక్కుకోగానే తల తుంచాలి. నిండుగా ఎదుగుతున్న చిగురు తుంచాలంటే చాలామందికి చెయ్యి రాదు. తుంచకపోతే సన్నగా సాగి, చివర నాలుగు పూలు పూసి, గాలికి పడిపోతుంది. తుంచితే పక్కకొమ్మలు లేస్తాయి, వాటినీ ఒకసారి తుంచుతాం. ఆగస్టు దాటాక ఇక గోరు తగలనివ్వకూడదు, అప్పటికి కొమ్మ కొసలో మొగ్గ రూపు కడుతూ ఉంటుంది. ఆ తర్వాత వెదురు పుల్లల ఊతం, పేనుబంక కనిపిస్తే వేపనూనె.

మనవాళ్లు చామంతిని తలవరకే కోస్తారు. దండకైనా, దేవుడికైనా, సంతలో కిలోల లెక్కకైనా అంతే. కాడతో కోసి నీళ్లలో పెట్టి చూడమని అందరికీ చెబుతుంటాను. పొద్దున్నే, ముదురు కట్టెకు పైన, లేత కాడ దగ్గర కోయాలి. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసేయాలి. గులాబీని మొగ్గగా కోయొచ్చు గానీ చామంతి దాదాపు విచ్చుకున్నాకే కోయాలి, మొగ్గగా కోస్తే కూజాలో సరిగా విప్పుకోదు. నీళ్లు మారుస్తుంటే రెండు వారాలు నిలుస్తుంది. ఇంత ఓపికున్న పువ్వు మన తోటల్లో ఇంకొకటి నాకు కనబడలేదు. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకు నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి పక్కవి గిల్లేయాలి, గుత్తి కావాలంటే ఆ నడిమిదాన్నే తీసేయాలి.

మా ఊరి మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి. ఆ దేశపు చక్రవర్తి ముద్ర 16 రేకుల చామంతి. ఖనిజం బండి టైడా స్టేషన్ దాటుతుంటే నాకు ఆ పువ్వే గుర్తొస్తుంది.

చలి ముదిరితే కొన్ని తెల్ల చామంతుల రేకుల అంచులకు లేత గులాబీ రంగు పాకుతుంది. అదేదో తెగులని కంగారుపడక్కర్లేదు, చల్లని రాత్రులు తెచ్చే రంగే అది.

ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి ఎన్ని కోసినా కోయండి గానీ, పూల మీదున్నప్పుడే మంచి మొక్క చూసి దానికో దారం కట్టండి. సంక్రాంతి వెళ్లాక జానెడు ఉంచి కత్తిరించేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, వచ్చే ఏటి పిలకలు దేని మొదలు నుంచి తీయాలో తెలియదు.