ఎనిమిదీ అయిదూ

రెండో తరగతి పిల్లల్ని "ఎనిమిదీ అయిదూ కలిపితే ఎంత?" అని అడగండి. కొందరు ఎనిమిది వేళ్లు తెరిచి, మిగతా అయిదుకీ వేళ్లు చాలక దిక్కులు చూస్తారు. పలక ఉన్నవాళ్లు ఎనిమిది గీతలు, పక్కన అయిదు గీతలు గీసి, మళ్లీ ఒకటి నుంచి ఎంచుతారు. జవాబు వస్తుంది. మనం టిక్కు పెట్టేస్తాం. నాకు పేచీ అక్కడే. అలా గీసినవాడు నాలుగో తరగతికొచ్చినా నిలువు కూడికలో ఒకట్ల దగ్గర గీతలే గీస్తుంటాడు. (అలాగని వేళ్లు ముడిస్తే కొట్టే మాస్టార్ల పక్షం కాదు నేను.)

బడి బయట ఇలా ఒక్కోటీ ఎంచరు. అంబాజీపేట కొబ్బరి బేరం వెయ్యి కాయల లెక్క. రాశి దగ్గర మనిషి ఒక్కో కాయా ముట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. చేతికి రెండేసి ఎత్తి, నాలుగు కాయల చొప్పున పుంజీ పుంజీ పడేస్తాడు. పిల్లలకీ ఇది కొత్త కాదు. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడగానే "చమ్మా!" అని అరుస్తారే తప్ప ఎవరూ ఒకటీ రెండూ అనరు. అలా గుంపుగా చూసే చూపుని బడిలో ఎవరూ అడగరు.

నేను ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెస్తాను, పది పట్టేది. ఎనిమిది లోపల, అయిదు బయట. "రెండు లోపలెట్టేస్తే నిండిపోద్దండి, బయట మూడు" అంటాడొకడు. ఇంకో పిల్ల, "ఎనిమిదిలో అయిదూ, ఈ అయిదూ పదండి, ఇంకా మూడుంది" అంటుంది. రెండూ బోర్డు మీదకెక్కుతాయి. ఎంత అని కాదు, ఎలా వచ్చిందని అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి. ఈ రెండోది మహా కష్టం. మనం ఆగినా ముందు బెంచీవాడు ఆగడు. అందుకే జవాబు తెలిసినవాళ్లు గుండె దగ్గర బొటనవేలు చూపిస్తే చాలని చెప్పాను.

మనం ఆగితే పిల్లలే దారి కనుక్కుంటారు. 1977లో గ్రోయెన్, రెస్నిక్ అనే పరిశోధకులు బడికి రాని వయసు పిల్లలకి ఒకటి నుంచి మొత్తం ఎంచే పద్ధతి ఒక్కటే నేర్పారు. కొందరు ఎవరూ చెప్పకుండానే పెద్ద అంకె దగ్గర మొదలెట్టి, చిన్నదాన్ని దాని మీద ఎంచడం పట్టేశారు. రెండూ తొమ్మిదీ అంటే తొమ్మిది, పది, పదకొండు. వాళ్లకి కావలసింది కాస్త వ్యవధి.

"లెక్కలు మానేసి పూతరేకులు పెడతన్నారంటగా మాస్టారూ?" అని ఒక తండ్రి నిలదీశారు. ఎక్కాలూ చెబుతున్నానండీ అన్నాను. ఆయన పూర్తిగా నమ్మలేదు. మర్నాడు తొమ్మిదీ తొమ్మిదీ అడిగితే వాళ్లబ్బాయే, "రెండు డబ్బాలండి, రెండు తినేశాం" అన్నాడు.