ఏది ముందు అరిగిపోతుంది?

స్త్రీవాద సాహిత్యం గురించి ఎక్కడ మాట్లాడుకున్నా విమల ‘వంటిల్లు’ కవిత ప్రస్తావన వస్తుంది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1993లో వెలువడిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండో సంపుటితో అది ఇంగ్లీషు పాఠకులకూ చేరింది. గిన్నెల మీద చెక్కిన మగవాళ్ల పేర్ల గురించి మనం చాలా చర్చించాం. వస్తువుల మార్పును అంతగా పట్టించుకోలేదు. తల్లి వంటింటి నుంచి కూతురి వంటింటికి వచ్చేసరికి గ్యాస్ పొయ్యి, గ్రైండరు, సింకు వచ్చాయి. నాన్న పేరు పోయి భర్త పేరు వచ్చింది. పని మాత్రం ఆమెదే.

వస్తువుకి ఆయుష్షు ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. కుక్కర్ గాస్కెట్ గట్టిపడితే మారుస్తాం. గ్యాస్ గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చమంటారు. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగితే కొత్తవి వేయిస్తాం. కానీ మిక్సీ ఇక పనికిరాదని తీర్పు చెప్పేదెవరు? పిండి బరకగా వస్తున్నా ‘తిరుగుతోంది కదా’ అనేది దాన్ని ఎన్నడూ ముట్టని మనిషే. యంత్రం చేయలేనిదంతా ఆమె చేతుల మీద పడుతుంది. యంత్రాలొచ్చినా అమెరికా గృహిణుల పనిగంటలు తగ్గలేదని రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో చూపించింది. మన దేశంలో 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసినవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చించారు.

అయితే ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి చదివితే ఈ కవితతో నాకొక పేచీ ఉంది. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో మగవాళ్ల కర్రలు ఏటా పత్రికలకెక్కుతాయి. ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల పొయ్యిలు ఎక్కవు. 1999లో మొదలైన దీపం పథకం గ్యాస్ కనెక్షన్‌ని ఆడవాళ్ల పేరునే ఇచ్చింది. గిన్నె మీద లేని పేరు గ్యాస్ పుస్తకం మీదికి వచ్చింది. కానీ కరువు తరిమితే, సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయేటప్పుడు ఆ పొయ్యి తాళం వేసిన ఇంట్లోనే ఉండిపోతుంది. వెంట వచ్చేవి జొన్నపిండి, రొట్టెల పెనం. చేనిగట్టున మూడు రాళ్లే పొయ్యి. అక్కడ గోడలూ లేవు, గ్రైండరూ లేదు. అయినా పగలంతా కాయ కోసి వచ్చి రొట్టె తట్టేది ఆమే.

వంటిళ్లను కూల్చేద్దామంటుంది విమల. వేరువేరు పొయ్యిలే వద్దంటుంది. ఆ పిలుపు విలువ ఇప్పటికీ తగ్గలేదు. కానీ సుగ్గికి పోయే స్త్రీలకు వంటిల్లు ఏటా కొన్ని నెలలు లేకుండానే పోతోంది, పని మాత్రం పోవడం లేదు. గోడ కన్నా, గిన్నె మీది పేరు కన్నా ఆ పనికే ఆయుష్షు ఎక్కువ. గోడల సంగతి సరే, రొట్టె తట్టే రెండో జత చేతులు ఎవరివని మన కవిత్వమూ విమర్శా ఇంకా గట్టిగా అడగాలి.