విజయ చైత్యం, ఓటమి జ్ఞాపకం: తవాంగ్ సరిహద్దు స్థలాలపై ఒక విమర్శ

తవాంగ్ పట్టణంలోని యుద్ధస్మారకం స్తూపాకారంలో నిర్మితమైంది. నలభై అడుగుల ఎత్తున్న ఆ కట్టడాన్ని స్థానికులు నామ్‌గ్యాల్ చోర్టెన్ అంటారు. 1962లో కామెంగ్ రంగంలో అసువులు బాసిన 2,420 మంది సైనికుల పేర్లు నల్లరాతి ఫలకాలపై చెక్కి ఉన్నాయి. యాత్రికుల కోసం రాసే పుస్తకాలలో ఈ స్మారకం గురించి సాధారణంగా కనిపించేది ఇంతమాత్రమే. తవాంగ్ ప్రాంతపు వారసత్వాన్ని వివరించే తీరులో ఉన్న లోపమంతా ఈ క్లుప్తతలోనే తెలిసిపోతుంది. యుద్ధాన్ని చెప్పేవారు చైత్యం దగ్గర ఆగరు. చైత్యాన్ని చెప్పేవారు యుద్ధం దగ్గర ఆగరు.

నామ్‌గ్యాల్ అంటే విజయం. టిబెట్ సంప్రదాయం ఎంచే అష్ట మహాచైత్యాలలో విజయ చైత్యం ఒకటి. అది వైశాలికి సంబంధించినది. శిష్యుల ప్రార్థనను మన్నించి తథాగతుడు పరినిర్వాణానికి ముందు తన ఆయుష్షును మూడు మాసాలు పొడిగించుకున్నాడన్న గాథకు అది గుర్తు. అక్కడ జయింపబడినది మృత్యువు. ఇక తవాంగ్ స్మారకం తలచే యుద్ధం ఎలా సాగిందో తెలిసిందే. 1962 అక్టోబరు 20న నామ్‌కా చూ లోయలో దాడి మొదలైంది. అక్కడి ఏడవ బ్రిగేడ్ ఒక్కరోజులో ఛిన్నాభిన్నమైంది. దాని అధిపతి జాన్ దాల్వీ రెండు రోజుల తరువాత బందీ అయ్యాడు. ఆ నెల తిరగకముందే తవాంగ్ చేజారింది. నవంబరు 18 నాటికి సేలా కూడా పోయింది. 21న చైనా తనకు తానుగా కాల్పుల విరమణ ప్రకటించింది. అటువంటి ఓటమి జ్ఞాపకానికి విజయ చైత్యమన్న పేరు సైనిక పరిభాషలో వింతగా తోచవచ్చు. బౌద్ధ పరిభాషలో దానికి పూర్తి అర్థముంది. ఆ పదం ఆ నేలకు కొత్తదీ కాదు. తవాంగ్ ఆరామపు పూర్తి నామం గాల్దెన్ నామ్‌గ్యాల్ ల్హాత్సెలోనూ అదే విజయం ఉంది. సందర్శకుడికి ఈ అర్థం చెప్పడానికి ఫలకంపై నాలుగు పంక్తులు చాలు.

అయితే ఈ కట్టడంలో తేలని ప్రశ్న ఒకటుంది. చైత్యాన్ని ప్రతిష్ఠించే బౌద్ధుడు దాని పుణ్యాన్ని సర్వప్రాణులకూ ధారపోస్తాడు. ఫలకాలపై పేర్లు మాత్రం ఒక్క పక్షానివే. తన వారి పేర్లను చెక్కుకోవడం ఏ సైన్యానికైనా ధర్మమే. అందులో తప్పుపట్టవలసినది లేదు. కానీ ఎంచుకున్న ఆకృతి ఆ జాబితా కన్నా విశాలమైనది. ప్రదక్షిణం చేసే మోన్పా వృద్ధురాలు మణిమంత్రం జపిస్తూ ఎవరెవరికి సద్గతి కోరుతుందో రాతిఫలకం నిర్ణయించలేదు. స్మారకశిల్పంపై రాసేవారు ఈ ఒరిపిడిని గుర్తించి ఉంటే ఈ కట్టడం దేశంలోని యుద్ధస్మారకాలలో ఎంత విశిష్టమైనదో పాఠకునికి తెలిసేది.

ఆంధ్రదేశపు పురావస్తు విద్యార్థికి ఈ కలయిక అపరిచితం కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు బౌద్ధ విహారాలున్న లోయలోనే వెలిశాయి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుని స్మృతిలో వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో నిలిపిన స్తంభం అందులో ప్రసిద్ధం. రాజులతోపాటు సేనానులకూ, పోరులో పడిన సైనికులకూ, ఒక శిల్పికీ కూడా అక్కడ స్తంభాలు దక్కాయి. ఆయుధం పట్టినవాడూ ఉలి పట్టినవాడూ ఒకే తరహా రాతిపై చోటు సంపాదించుకోగలగడం గమనించదగినది. తవాంగ్ దారిలో ఉలి పట్టినవాడికి, బరువు మోసినవాడికి అటువంటి చోటు దొరకడం కష్టంగానే ఉంది. ఆ మాటకు మళ్లీ రావలసి ఉంటుంది.

సేలా దాటాక నూరానాంగ్ వద్ద ఉన్న జస్వంత్‌గఢ్ పూర్తిగా వేరే స్వభావం గల స్థలం. గఢ్వాల్ రైఫిల్స్ నాలుగవ పటాలానికి చెందిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్‌కు అక్కడ గుడి వంటి స్మారకం ఉంది. ఆయన పడక సర్దుతారు, బూట్లకు పాలిష్ పెడతారు, వేళకు టీ అందిస్తారు. దారిన పోయే సైనికుడు, ఎంత పెద్ద అధికారి అయినా, ఆగి వందనం చేస్తాడు. ఇది సజీవమైన ఆరాధన. పల్లెపొలిమేరల్లో వీరుడు దేవుడైన కథలు విన్న తెలుగువారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆరాధనను తక్కువచేసి మాట్లాడటం పరిశోధకుని పని కాదు.

చిక్కంతా ఆరాధన కథను యుద్ధ వృత్తాంతంగా అచ్చువేయడంలో ఉంది. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం జస్వంత్ సింగ్ ఒంటరిగా 72 గంటలు శత్రువును నిలువరించాడు. సేలా, నూరా అనే ఇద్దరు మోన్పా యువతులు ఆయనకు తోడ్పడ్డారు. వారి పేర్లే కనుమకూ లోయకూ నిలిచాయి. మరణానంతరం లభించిన మహావీరచక్ర పురస్కారానికి ఆధారమైన వృత్తాంతం వేరు. 1962 నవంబరు 17న ఆ పటాలం వరుస దాడులను తిప్పికొట్టింది. అతి దగ్గరకు వచ్చి ప్రాణాంతకంగా మారిన శత్రు మెషిన్‌గన్‌ను పట్టుకురావడానికి జస్వంత్ సింగ్, త్రిలోక్ సింగ్ నేగి, గోపాల్ సింగ్ గుసాయిఁ పాకుతూ వెళ్లారు. తుపాకి దక్కింది. తిరుగుదారిలో మొదటి ఇద్దరూ నేలకొరిగారు. గాయపడిన మూడవవాడు దాన్ని తీసుకొచ్చాడు. ఆ వృత్తాంతంలో ఒంటరితనం లేదు. ముగ్గురున్నారు, వారి వెనుక నిలిచిన పటాలముంది. ఒక్కరిని పెంచిన కథ తక్కిన ఇద్దరిని మరుగుపరిచింది. సాహసానికి అదనపు అలంకారం అక్కరలేని సందర్భమిది.

కనుమ పేరు సంగతి మరీ తేలికగా తేలిపోతుంది. టిబెట్ భాషాకుటుంబంలో ‘లా’ అంటే కనుమ. ఎఫ్.ఎం. బెయిలీ, హెన్రీ మోర్స్‌హెడ్ 1913లో ఆ ప్రాంతాన్ని సర్వే చేస్తూ సే లా దాటారు. అంటే యుద్ధానికి అర్ధశతాబ్ది ముందే ఆ పేరుంది. స్థలనామం నుంచి వ్యక్తినీ, వ్యక్తి నుంచి గాథనూ పుట్టించడం భారతీయ తీర్థసాహిత్యంలో ఎన్నోసార్లు జరిగిందే. హ్యుయాన్ త్సాంగ్ ఒక్కొక్క స్తూపం దగ్గర విన్న గాథలను పరిశోధకులు ఏ దృష్టితో చదువుతారో ఈ కథనూ అదే దృష్టితో చదవాలి: కథ తాను చెబుతున్న కాలానికి సాక్ష్యం కాకపోయినా, తనను చెప్పుకున్న కాలానికి సాక్ష్యమే. మైదానాల నుంచి వచ్చిన సైన్యం తన బలిదానానికి స్థానికుల ప్రేమ కూడా తోడైందని నమ్మదలచుకుంది. ఆ కోరిక స్వయంగా చరిత్ర. కాని ఆ కోరికలో మోన్పా స్త్రీ తన నోటితో ఏమీ చెప్పదు. ఎవరి కథలోనో చనిపోవడానికి మాత్రమే వస్తుంది.

పేర్లు మారడానికి యుద్ధమే అవసరం లేదన్నదానికి బుమ్ లా దారిలోని సంగెస్తర్ త్సో ఉదాహరణ. 1997 నాటి ‘కోయ్‌లా’ చిత్రంలో ఒక నృత్యం అక్కడ తీశారు. అప్పటినుంచి అది మాధురీ సరస్సు. అదే దారిలో, 1962 అక్టోబరు 23న పోరాడి, గాయాలతో బందీగా మరణించిన పరమవీరచక్ర గ్రహీత సుబేదార్ జోగిందర్ సింగ్ స్మారకం ఉంది. ఆ రెండింటిలో ఏది ఎక్కువ ఫొటోలకు నోచుకుంటుందో చెప్పనవసరం లేదు.

ఆరామాల విషయంలో రాతలు మరో రకంగా తూలుతాయి. 1680-81లో మేరక్ లామా లోద్రె గ్యాత్సో స్థాపించిన తవాంగ్ ఆరామాన్ని పొతాలా తరువాత ప్రపంచంలో రెండవ పెద్ద ఆరామమని చాలా పుస్తకాలు వల్లెవేస్తాయి. పొతాలా దలైలామాల ప్రాసాదం, పరిపాలనా కేంద్రం. పోల్చదలిస్తే ద్రెపుంగ్, సెరా, గాందెన్ మహావిహారాలతో పోల్చాలి. 1959కి ముందు అవి ఒక్కొక్కటీ వేల మంది భిక్షువులతో నిండి ఉండేవి. తవాంగ్‌కు ఈ అరువు గొప్ప దేనికి? సముద్రమట్టానికి పదివేల అడుగుల ఎత్తున, కోటగోడల మధ్య భిక్షువుల నివాసాలు ఒక చిన్న ఊరిలా అమరిన తీరు, కంగ్యూర్, తెంగ్యూర్ ప్రతులను భద్రపరిచిన పార్‌ఖాంగ్, లోనికి వచ్చేవారిని చిత్రించిన పైకప్పుతో ఆహ్వానించే కాకాలింగ్ ద్వారం: చెప్పదగినవి ఇవీ. ప్రధాన సభామందిరమైన దుఖాంగ్ ఇరవయ్యవ శతాబ్ది చివరలో పునర్నిర్మితమైందన్న విషయాన్ని కూడా స్పష్టంగా రాయాలి. పూజ నిరంతరమైనదే, చెక్క, గోడ మాత్రం కొత్తవి. భక్తునికి ఈ భేదం అక్కరలేకపోవచ్చు, పరిరక్షకునికి తప్పదు.

పట్టణానికి దిగువన ఉన్న ఉర్గెల్లింగ్‌కు రాతలలో దక్కే చోటు చాలా తక్కువ. ఆరవ దలైలామా త్సాంగ్‌యాంగ్ గ్యాత్సో 1683లో జన్మించిన స్థలమది. ఆ మందిరమూ యుద్ధాన్ని చూసింది. 18వ శతాబ్ది ఆరంభంలో ల్హజాంగ్ ఖాన్ సేనలు దానిని ధ్వంసం చేశాయని సంప్రదాయం చెబుతుంది. యుద్ధస్థలాలంటే 1962 ఒక్కటే అనుకునే పర్యటనా పథకాలలో ఈ విధ్వంసానికి స్థానం లేదు. ఈ కొండలలో ఆరామానికీ సేనకూ మధ్య సంబంధం ఆధునిక రాజ్యాలకు ముందే మొదలైందని చెప్పే స్థలం అలా చేజారిపోతోంది.

జెమితాంగ్ లోయలో ఈ పొరలన్నీ ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. నేపాలులోని బౌద్ధనాథ స్తూపం నమూనాలో కట్టినదని చెప్పే గోర్సామ్ చోర్టెన్ అక్కడ న్యామ్‌జాంగ్ చూ ఒడ్డున ఉంది. ఆ లోయకు ఎగువనే ఖింజెమానె. 1959 మార్చి 31న పద్నాలుగవ దలైలామా భారతభూమిపై అడుగుపెట్టిన చోటు. నామ్‌కా చూ యుద్ధభూమి కూడా ఆ పరిసరాలలోదే. గోర్సామ్ కోరా ఉత్సవానికి భూటాన్ నుంచి యాత్రికులు వస్తారు. త్రాషియాంగ్‌త్సెలోని చోర్టెన్ కోరాతో ఈ స్తూపానికి గల పోలిక వారికి కొత్త కాదు. ప్రదక్షిణానికి వచ్చిన ఆ యాత్రికునికి సరిహద్దు ఒక బంధుత్వపు దారి. సైనిక పటంలో అదే ఒక రేఖ. జెమితాంగ్ గురించి రాసేవారు ఈ రెండు చూపులలో ఏదో ఒకటి ఎంచుకోవలసిన అవసరం లేదు, కాని చాలామంది ఎంచుకుంటారు.

పశ్చిమ కామెంగ్‌లోని థెంబాంగ్ మరొకటి. రాతిగోడలు, ద్వారాలు గల ఆ ఊరు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కోటగ్రామంగా నమోదైంది. 1962 నవంబరు 17న గార్డ్స్ ఐదవ పటాలం పోరాడినది ఆ ఊరి దగ్గరే. సేలా, బోమ్‌డిలాల మధ్య దారిని తెంచడానికి చైనా సేనలు పోషింగ్ లా మీదుగా వచ్చిన మార్గం థెంబాంగ్‌ను తాకింది. పాతకాలపు రక్షణగోడలకూ ఆధునిక యుద్ధానికీ ఒకే భూస్వరూపం కారణమైన అరుదైన స్థలం కనుక దాని గురించిన వివరణలో ఈ రెండూ కలిసి రావాలి. గోడల శాస్త్రీయ నమోదు ఎంత అవసరమో, గ్రామస్థుల జ్ఞాపకం నమోదూ అంతే అవసరం.

ఈ జ్ఞాపకం విషయంలో వ్యవధి తక్కువ. సరుకులు మోసి, మోర్టారు గుండ్లు మోసి, దారి చూపి, ఆ తరువాత ఇళ్లు వదిలి అస్సాం వైపు తరలిపోయి, తిరిగి వచ్చి ఎవరి పొలంలో ఏమి మిగిలిందో వెతుక్కున్నవారి అనుభవం ఫలకాలపై లేదు. 1962లో పదేళ్ల పిల్లవాడిగా ఉన్నవాడికి ఇప్పుడు డెబ్బై దాటింది. 2024 మార్చిలో సేలా సొరంగం తెరుచుకున్నాక వచ్చేవారికి దారి సులువైంది. కనుమ ఎక్కే శ్రమ లేదు. అదే సంవత్సరం తవాంగ్‌లో, 1951లో అక్కడ భారత పరిపాలనను నెలకొల్పిన మేజర్ బాబ్ ఖాథింగ్ పేరిట శౌర్య మ్యూజియం కూడా ప్రారంభమైంది. సేనాధికారుల, పాలకుల స్మృతికి కట్టడాలు దొరుకుతున్నాయి. బరువు మోసినవారి మాటలకు కావలసింది ఒక రికార్డరు, మోన్పా భాష తెలిసిన ఒక పరిశోధకుడు, కొన్ని శీతాకాలాలు. ఈ పనికి అందరికన్నా దగ్గరలో ఉన్నవారు తవాంగ్, జెమితాంగ్ ఆరామాల యువభిక్షువులు; ఆ వృద్ధులలో కొందరు వారి తాతలూ అమ్మమ్మలూ.