చిట్టెలుక ముక్కు, నాలుక

తమిళనాడులోని పాపారపట్టి చుట్టుపక్కల రాగి కోతలయ్యాక పొలం గట్ల వెంబడి నడిస్తే, రూపాయి బిళ్ళంత కన్నాలు కనిపిస్తాయి. పది గ్రాముల పొలం చిట్టెలుక ఇల్లు అది. దాని దారిలో ఒక వేరుశనగ గింజ పెట్టి, కదలకుండా కూర్చుని చూడండి. వచ్చీ రాగానే తినదు. మీసాలు ముందుకు చాచి, సెకనుకు పదిసార్ల దాకా గాలి పీలుస్తుంది. గింజను ముందుకాళ్ళతో పట్టుకుని తిప్పుతుంది. అంచున చిన్న పలుకు కొరికి ఆగుతుంది. మళ్ళీ వాసన చూస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఎలుక జాతికి వాంతి రాదు. పడని తిండి తింటే కుక్కా పిల్లీ కక్కేస్తాయి, మనమూ కక్కేస్తాం. చిట్టెలుక మింగిందంటే మింగినట్టే. అందుకే దాని కాపలా చాలావరకు గొంతుకు ఇవతలే ఉంది. ఆ కాపలా ఎలా పనిచేస్తుందో ఇంటి చిట్టెలుకల మీద, పెద్ద ఎలుకల మీద చేసిన పరిశోధనల వల్ల మనకు తెలిసింది.

ముందు ముక్కు. దాని లోపలి పొరలో లక్షల నాడీకణాలు పరుచుకుని ఉంటాయి. వాసనను పట్టే గ్రాహకాలు చిట్టెలుకలో సుమారు వెయ్యి రకాలు, మనలో నాలుగు వందలు. ఒక్కో కణం ఒకే రకం గ్రాహకాన్ని మోస్తుంది. ఈ జన్యువుల్ని 1991లో ఎలుకల్లో గుర్తించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. నాకు ముచ్చటేసేది ఆ తీగల అల్లిక. ఒకే రకం కణాలు పొరలో ఎక్కడెక్కడో చెదిరి ఉన్నా, అవన్నీ తమ తీగల్ని మెదడు ముందుభాగంలో ఒకటి రెండు చిన్న ఉండల దగ్గరికే చేరుస్తాయి. వేరుశనగ వాసన తగిలితే కొన్ని ఉండలు మేల్కొంటాయి, రాగికి మరికొన్ని. వాకిట్లో చుక్కల ముగ్గు లాంటిదే ఇదీ. ఏ చుక్కలు కలిశాయన్నదాన్ని బట్టి ముగ్గు మారిపోతుంది.

తర్వాత నాలుక. ముందు భాగంలో పుట్టగొడుగు ఆకారపు బొడిపెలు, పక్కల మడతలు, వెనక నట్టనడుమ ఒకే ఒక్క గుండ్రటి పెద్ద బొడిపె. వీటిలో రుచిమొగ్గలు, ఒక్కో మొగ్గలో యాభై నుంచి వంద కణాలు. తీపిని పట్టడానికి రెండు ప్రొటీన్లు కలిసిన ఒక్క జత చాలు. చేదుకు మాత్రం దాదాపు ముప్పై అయిదు గ్రాహకాలు! ఎందుకంటే బలమిచ్చే చక్కెరలు కొన్నే, చేదుగా ఉండే విషాలు నానా రూపాలు. మనకు తియ్యగా ఉండే ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపిని చిట్టెలుక పట్టించుకోదు. ఆ జతలో ఒకదాని బదులు మనిషి ప్రొటీన్ వచ్చేలా జన్యువు మార్చి చూశారు. అప్పుడు దానికీ ఇష్టమైంది!

అన్నిటికంటే నేర్పు తోటి ఎలుక ఊపిరిని చదవడంలో ఉంది. బెన్నెట్ గేలెఫ్ అనే పరిశోధకుడు 1983లో పెద్ద ఎలుకల్లో దీన్ని చూపించాడు. దాల్చినచెక్క కలిపిన తిండి తిన్న ఎలుక మూతిని ఇంకొకటి వాసన చూస్తే, తర్వాత అదీ ఆ తిండినే ఎంచుకుంటుంది. మరి తిండి వాసన ఒక్కటే చాలా? 1988లో గేలెఫ్ బృందం దూదికి తిండి పొడి అద్ది ఎలుకల ముందు పెట్టింది. నీళ్ళతో తడిపిన దూదితో ఇష్టం పుట్టలేదు. కార్బన్ డైసల్ఫైడ్ కాస్త కలిపిన నీళ్ళతో తడిపితే పుట్టింది. ఎలుక ఊపిరిలో సహజంగా ఉండే వాయువే అది. ‘దీన్ని బతికున్న మనవాడొకడు తిన్నాడు’ అని చెప్పే ముద్ర అన్నమాట. ఆ ముద్రను చదవడానికి చిట్టెలుక ముక్కులో ప్రత్యేకమైన కణాలు కొన్ని ఉన్నాయని 2010లో స్టీవెన్ మంగర్ బృందం తేల్చింది. అవి పనిచేయని చిట్టెలుకలకు ఈ పాఠం అబ్బలేదు.

మింగాక కడుపు కూడా పాఠం చెబుతుంది. తీపి రుచే తెలియని చిట్టెలుకలు సైతం కొన్నాళ్ళకు చక్కెర నీళ్ళ వైపే మొగ్గాయని 2008లో తేలింది. తిన్న గంటల తర్వాత జబ్బుచేసినా, ఎలుక ఆ రుచిని తప్పుపట్టి మళ్ళీ ముట్టదు.

రైతు పెట్టే ఎర తట్టుకోవలసింది ఈ పరీక్షలన్నిటినీ. అందుకే జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు వాడేవాళ్ళు ముందు రెండు మూడు రోజులు 98 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ వంటనూనె పట్టించి, విషం లేకుండా పెడతారు. అలవాటు పడ్డాక 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు. కొంచెమే కొరికి బతికిపోయిన ఎలుక ఆ ఎరను గుర్తుపెట్టుకుంటుంది. అదే బ్రోమాడియోలోన్ అనే మందైతే రోజుల తరబడి మెల్లగా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని తిండితో ముడిపెట్టుకోవడం ఎలుకకు చేతకాదు.

పాపారపట్టిలోనే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మందు చేతపట్టే ముందు అక్కడ అడగండి. ఒకసారి జింక్ ఫాస్ఫైడ్ పెట్టిన పొలంలో వెంటనే మళ్ళీ అదే పెట్టకండి.