అమ్మకానికి పిల్ల, అమ్మకానికి పిల్లాడు

గురజాడ నాటకం కన్యాశుల్కం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892 ఆగస్టులో. కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం 1920ల తొలినాళ్లది. మధ్య ఉన్నది ముప్పై ఏళ్లే. అంతలోనే పెళ్లిలో డబ్బు చేతులు మారే తీరు పూర్తిగా తిరగబడింది. అప్పటిదాకా పిల్లనిచ్చేవాడు డబ్బు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత పిల్లాణ్ణి కన్నవాడు పుచ్చుకోవడం మొదలెట్టాడు. రెండూ బేరాలే, రెండిటి మీదా తెలుగు నాటకం నవ్వింది. అయితే ఆ రెండు నవ్వులూ ఒక జాతివి కావు.

ముందు గురజాడ. కన్యాశుల్కం ముందుమాటలో ఆయన లెక్కలు చెప్తాడు. విజయనగరం మహారాజు పురమాయిస్తే విశాఖ జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారైంది. వెయ్యి పైచిలుకు పెళ్లిళ్లు, వాటిలో అయిదేళ్లు నిండని పిల్లలవీ ఉన్నాయి. అంతటి ఘోరం కళ్లముందు పెట్టుకుని కూచున్నవాడు ఏడుపు నాటకం రాయాలి. గురజాడ ప్రహసనం రాశాడు. దారి కొత్తదేం కాదు. ముసలి పెళ్లికొడుకుల్ని వీరేశలింగం అప్పటికే బ్రహ్మవివాహంలో ఎండగట్టాడు. కానీ వీరేశలింగం నవ్వు బెత్తం పట్టుకున్న పంతులుగారి నవ్వు, ఎవరికి దెబ్బ పడుతుందో ముందే తెలిసిపోతుంది. గురజాడ నాటకంలో అది తెలీదు.

ఎందుకంటే ఇక్కడ గిరీశం ఉన్నాడు. వితంతు వివాహం న్యాయమని మొదట మాట్లాడేది వాడే, దాన్ని వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి వాడుకునేదీ వాడే. రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. కన్యాశుల్కం స్టేజీ ఎక్కేసరికి దానికి పదకొండేళ్లయినా నిండలేదు. సంస్కరణకు ఇంకా లేత వయసు, సంఘంలో దానికి వెలి భయం ఉన్న రోజులు. అప్పుడే దాన్ని వేషంగా వేసుకు తిరిగే మనిషి పుడతాడని గురజాడ పసిగట్టాడు. ముందుచూపు అని నేననేది దీన్నే. కన్యాశుల్కం మాసిపోతుందని ఆయన చెప్పలేదు. చెప్పినా అందులో గొప్పేం లేదు, అది ఆయన చేతిలో ఉన్న పనీ కాదు. మంచి మాటలు నేర్చిన వాడి చేతిలో ఆ మంచి ఏమవుతుందో మాత్రం చూపించాడు. ఆ వేషం నూటముప్పై ఏళ్లుగా దిగలేదు. స్త్రీవాదం మాట్లాడే గిరీశాలు, పర్యావరణం మాట్లాడే గిరీశాలు మనకు తెలియనివాళ్లా?

ఇంకో సంగతి గురజాడ ఉద్దేశించాడో లేదో తెలీదుగానీ నన్ను ఎప్పుడూ నవ్విస్తుంది. ముసలి లుబ్ధావధాన్లకు బుచ్చమ్మ చెల్లెలు సుబ్బినిచ్చి చేయడానికి 1800 రూపాయలకు బేరం కుదిరింది. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, అంతకంటే చవగ్గా ముసలాయనకు అంటగడతాడు. అంటే కన్యాశుల్కం మీద రాసిన నాటకంలో మన కళ్లముందు అమ్ముడుపోయే ‘కన్య’ మగపిల్లాడు! వరవిక్రయం అనే మాట జనం నోట్లో నానడానికి చాలా ముందే స్టేజీ మీద ఒక వరవిక్రయం జరిగిపోయింది. ఇది జోస్యం కాదు, ప్రహసనం తన లెక్క ప్రకారం తాను పోతే దొరికిన లాభం. సరుకు చూసుకోకుండా కొనే బజారులో ఏ సరుకైనా చెల్లుతుంది మరి.

వరవిక్రయం కూడా బేరం తర్కాన్నే పట్టుకుంటుంది, అయితే ఇంకో కొసనుంచి. కట్నానికి వ్యతిరేకి అయిన పురుషోత్తమరావుకి కాళింది, కమల అని ఇద్దరు కూతుళ్లు. వడ్డీవ్యాపారి సింగరాజు లింగరాజు కొడుకు బసవరాజుకి పెద్దమ్మాయినిస్తూ, ఇష్టం లేకపోయినా కట్నం పోస్తాడు. తండ్రి పరువు చితికిపోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. లింగరాజు తీసుకున్న డబ్బు కక్కడు. చెల్లెలు కమల అదే బసవరాజుని పెళ్లాడి, పెళ్లయ్యాక అసలు దెబ్బ కొడుతుంది. డబ్బు పోసి కొన్నాం గనక సరుకు కొన్నవాళ్లింటికి రావాలి, పెళ్లికొడుకే ఇల్లు వదిలి రావాలి అంటుంది. వ్యవహారం కోర్టుదాకా వెళ్తుంది.

రెండు ఎత్తుల్నీ పక్కపక్కన పెడితే ముప్పై ఏళ్లలో మారిన సంగతి తేటపడుతుంది. కరటకశాస్త్రిది దొంగచాటు మోసం. దాన్ని నడిపేది మగవాడు, దానికి అండ మధురవాణి అనే వేశ్య. ఎవరికోసం ఇదంతా జరుగుతోందో ఆ సుబ్బి గొంతు మనకు దాదాపు వినబడదు. కమలది బాహాటపు ఎత్తు. మోసం చేయదు, ఒప్పుకున్న బేరాన్ని అక్షరాలా అమలు చేయమంటుంది. మధురవాణికున్న తెలివి, తెగువ ఇక్కడ ఇంటి ఆడపిల్లకు వచ్చాయి. 1892లో ఇంటి ఆడపిల్లకు అంత మాట ఇస్తే ప్రేక్షకుడు నమ్మేవాడా? అనుమానమే. బుచ్చమ్మ లాంటి అమ్మాయి నాటకం చివర చేరేది పూనాలోని వితంతు శరణాలయానికి. వకీలు సౌజన్యారావు పంతులు మంచివాడు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. కమలకు సౌజన్యారావుతో పని పడలేదు.

ఇంతవరకూ కాళ్లకూరి ఒక అడుగు ముందే ఉన్నాడు. నవ్వు దగ్గరికొచ్చేసరికి నా తూకం గురజాడ వైపే మొగ్గుతుంది.

కాళ్లకూరి నవ్వునీ కన్నీటినీ వేరువేరు గిన్నెల్లో వడ్డించాడు. లింగరాజుకి వచనం, పిసినారితనం, ఈలలు. కాళిందికి పద్యం, శోకం. పద్యాలకు వన్స్‌మోర్లు పడే రోజులవి కాబట్టి ఆ పంపకం స్టేజీ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. 1939లో సి.పుల్లయ్య దీన్ని సినిమాగా తీసినప్పుడు కాళింది వేషంతోనే భానుమతి తెరకు పరిచయమైంది. లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం. కానీ లింగరాజు మరీ అంత పిసినారి, మరీ అంత దుర్మార్గుడు కావడం వల్ల ప్రేక్షకుడికి ఒక సౌకర్యం దొరికింది. హాల్లో కూచున్న ఏ పెళ్లికొడుకు తండ్రీ తనను తాను లింగరాజు అనుకోడు. ‘మేం అంత అన్యాయస్థులం కాం, మర్యాదగా అడిగాం’ అనుకుంటాడు. నవ్వేసి ఇంటికొచ్చి లాంఛనాల జాబితా రాయించుకోవడానికి అడ్డేమీ ఉండదు. 1961లో కేంద్రం వరకట్న నిషేధ చట్టం తెచ్చింది. నాటకం అప్పటికీ ఆడుతూనే ఉంది, కట్నమూ పెరుగుతూనే ఉంది.

గిరీశంతో అలా తప్పించుకోలేం. వాడు దుర్మార్గుడని తెలిసీ వాడు మాట్లాడుతుంటే ముచ్చటేస్తుంది, వాడు స్టేజీ దిగిపోతే వెలితిగా ఉంటుంది. 1955 సినిమాలో ఆ వేషం ఎన్టీఆర్‌కి ఇచ్చారంటే మనం వాణ్ణి ఎంత హీరోని చేసుకున్నామో చూడండి. బుచ్చమ్మ మోసపోయే సీనులోనే మనకు నవ్వొస్తుంది. ఆ నవ్వు మన చేతికే అంటుకుంటుంది.

పోతే, కట్నాన్ని తెచ్చిపెట్టింది ఎవరు? కన్యాశుల్కం పోవడానికి గురజాడ వేళాకోళం కొంత సాయపడి ఉండొచ్చు. కానీ అసలు పని చేసింది ఇంగ్లీషు చదువు, దాని వెనక వచ్చిన సర్కారు కొలువు. చదివినవాడికి గిరాకీ పుట్టింది, గిరాకీతో ధర వచ్చింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలకే అగ్రహారంలో గిరీశానికి ఎంత పరపతి దొరికిందో గుర్తుచేసుకోండి. కొడుకు చదువు ఖర్చుకి చిర్రుబుర్రులాడే సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లే ఆ ఇంగ్లీషుకి తబ్బిబ్బవుతాడు. బసవరాజుకి ధర కట్టిన బజారు ఆయన ఇంటి వీధరుగు మీదే తెరుచుకుంది. గురజాడ దండెత్తింది పాత బేరం మీద, బొమ్మ గీసింది మాత్రం కొత్త బేరగాడిది.

కాళ్లకూరి విషయంలో కాలం ఇంకో మెలిక పెట్టింది. ఆయన చింతామణిలో సుబ్బిశెట్టి పాత్రను తరాల తరబడి జనం పగలబడి నవ్వుతూ చూశారు. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనల్ని నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు. అలాగని ఫిర్యాదును కొట్టిపారేయలేను. ఊళ్లలో ఆడుతూ ఆడుతూ నటులు కలుపుకున్న బూతు జోకులు చాలానే పోగుపడ్డాయి. మనిషి బలహీనతను వదిలేసి అతని కులాన్ని పట్టుకున్న నవ్వుకి వయసు తొందరగా మీదపడుతుంది.

లింగరాజు మాత్రం వేరే ఇంట్లో మళ్లీ పుట్టాడు. 1987లో జంధ్యాల తీసిన అహ నా పెళ్లంటలో కోట శ్రీనివాసరావు లక్ష్మీపతి, కోడిని వేలాడదీసి చూస్తూ వట్టి అన్నం తినే పిసినారి. ఇక్కడా కథ పెళ్లి చుట్టూనే తిరుగుతుంది. కానీ పిసినారితనం ఒక మనిషి పిచ్చిగా మిగిలింది, ఆచారంతో దానికున్న తాడు తెగిపోయింది. హాయిగా నవ్వుకున్నాం, ఎవరికీ గుచ్చుకోలేదు.

కమల ఎత్తుకి అసలు వారసత్వం 2016లో తరుణ్ భాస్కర్ తీసిన పెళ్లిచూపులులో కనబడింది నాకు. చిత్రది ఫుడ్ ట్రక్ ఆలోచన, ఉద్యోగం సద్యోగం లేని ప్రశాంత్ అందులో వంటవాడు. పెళ్లికొడుకు ఆడపిల్ల కొలువుకి రావాలనడం వరవిక్రయంలో కక్ష తీర్చుకునే శిక్ష. ఇక్కడ అది శిక్ష కాదు, వాళ్లిద్దరూ దగ్గరయ్యే తీరు. హాల్లో ఎవరూ వింతగా కూడా చూడలేదు. అదే సినిమాలో ప్రశాంత్‌ని డబ్బున్న మామగారి సంబంధం కూడా ఊరిస్తుంది. దానిమీద కోపంగా నవ్వినవాళ్లూ ఎవరూ లేరు.