రంగు ఎటు పోయింది?

సూర్యాపేటలోనో కోదాడలోనో ఇక్కత్ చీర చేతికి తీసుకోగానే మనం అడిగే మొదటి మాట: ‘రంగు పోదు కదా?’ నేనూ ఏళ్ల తరబడి అదే అడిగాను. అద్దకం దగ్గర కడిగి పారబోసిన నీళ్లతో పోయిన రంగు గురించి ఎన్నడూ అడగలేదు.

ఆ ఆలోచన పుట్టపాకలో కలిగింది. పాత నల్లగొండ జిల్లాలోని ఈ ఊళ్లో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. నూనెలోని కొవ్వు ఆమ్లాలు పోగుకు పడితేనే అలిజరిన్ ఎరుపు నిలుస్తుంది. అక్కడ ఒక పెద్దాయన లడీని మెలిపెట్టి పిండుతున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. కారే ప్రతి చుక్కా బానలోకే పడేలా చేతులు వంచాడు. ‘రంగంటే పైసలే బిడ్డా, నేలపాలు చేస్తమా?’ అన్నాడు.

కానీ ఇప్పుడు విరివిగా వాడే రియాక్టివ్ రంగుల్లో, రకాన్ని బట్టి పదో వంతు నుంచి సగం దాకా నూలుకు అంటకుండానే ఉప్పునీటితో పోతుంది. ఎంత ఒడుపున్న చేయీ దాన్ని ఆపలేదు.

ఆపడానికి మళ్లీ నూనె జాతి సరుకే ముందుకొచ్చింది. కొబ్బరినూనెలో ఉండే లారిక్ ఆమ్లం, పుదీనా జాతి మొక్కల మెంథాల్ విడివిడిగా గడ్డలే. తగుపాళ్లలో కలిపితే ద్రవమవుతాయి. అది నీటిలో కలవదు. దానితో రంగునీళ్లను చిలికితే కొన్ని రకాల రంగులు నీటిని వదిలి అందులో చేరి పైకి తేలతాయి. కిరోసిన్‌లాంటి పెట్రోలియం ద్రావణుల అవసరం తప్పించే దారి ఇది. రుమాలులో రంగును నిలిపిన కొవ్వు ఆమ్లాల జాతే నీటిలోంచి రంగును లాగుతోందన్న సంగతి నన్ను కదిలించింది.

అయితే దొరికిన రంగంతా మళ్లీ పనికిరాదు. నీటితో ఒకసారి చర్య జరిపిన రియాక్టివ్ రంగు ఇక నూలును పట్టదు. నీలిమందు అలా కాదు. నీటిలో కరగని దాన్ని వడగట్టి, మళ్లీ బానకెక్కించవచ్చు; పెద్ద డెనిమ్ మిల్లుల్లో ఈ పని జరుగుతోంది.

ఏ పద్ధతికైనా మొదటి మెట్టు ఒకటే: నీలి నీళ్లు నీలివిగా, ఎర్ర నీళ్లు ఎర్రవిగా వేరువేరు తొట్లలో పట్టడం. ఒకే కాలువలో కలిశాక ఏ రంగూ తిరిగి రాదు. మిర్యాలగూడ బియ్యం మిల్లు తవుడును నూనె తీయడానికి అమ్ముతుంది గానీ పారబోయదు. అద్దకపు నీటికీ ఆ విలువ కట్టాలి. తొట్ల ఖర్చు మాత్రం నేతగాడి నెత్తిన పడకూడదు; ప్రభుత్వమూ, చీర కట్టే మనమూ పంచుకోవాలి.

ఇకపై చీర కొనేటప్పుడు రెండో ప్రశ్న కూడా అడుగుతాను. ఆ పెద్దాయన చేతులు వంచి పట్టుకున్నది బాన దగ్గరే ఆగిపోకూడదు.