గరిక పొట్టిగా నిలవాలంటే

చేలో గరిక కనబడితే రైతు గుండె గుభేలుమంటుంది. ఎంత దున్నినా, ఏ వేరుముక్కో మిగిలి మళ్లీ పాకుతుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ మొండితనమే ఇంటిముందు లాన్‌కు పెట్టుబడి. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికకూ సన్నాకుల ఆఫ్రికా గరికకూ పుట్టిన సంకరాలను ఏరి నిలబెట్టాడు. 1960లో విడుదలైన టిఫ్‌వే 419 వాటిలో ఒకటి. అట్లాంటా, డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది పేరు తెలియకుండానే ఇలాంటి గడ్డిని సాకుతున్నారు. (1965లో మన దేశంలో వచ్చిన సంకర సజ్జ హెచ్‌బీ-1కి తల్లి వంగడం ఇచ్చిందీ ఈ బర్టనే. ఆ రుణం మనకు అంతగా గుర్తులేదు.)

ఈ సంకర గడ్డి విత్తనం కట్టదు. తల్లిదండ్రుల్లో ఒకదానికి 36 క్రోమోజోములు, మరొకదానికి 18. పిల్లకు 27 వచ్చి జత కుదరదు. అందుకే కాడముక్కలు నాటాలి, లేదా మట్టితో సహా చుట్టలుగా అమ్మే సాడ్ తెచ్చి పరచాలి.

అసలు విద్యంతా కోతలోనే ఉంది. ఒక్క కోతలో ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదన్నది పాత నియమం. అంగుళం ఎత్తున ఉంచదలిస్తే ఒకటిన్నర దాటకముందే కోయాలి. జూన్, జూలైలో ఎండా నీళ్లూ ఎరువూ అందితే ఆ అరంగుళానికి మూడు నాలుగు రోజులు చాలు. అంటే వారానికి రెండు కోతలు. శనివారం ఒక్కటే తీరిక అనుకుంటే లెక్క తప్పుతుంది. ఆకులన్నీ పైకి చేరి, నీడన పడ్డ కింది కాడలు పాలిపోతాయి. అప్పుడు పైభాగం కోసేస్తే మిగిలేవి ఎండుగడ్డి రంగు మోళ్లే. తరచుగా కొద్దికొద్దిగా కోస్తే మాత్రం కణుపుల నుంచి పక్క పిలకలు లేచి ఒత్తుగా అల్లుకుంటాయి. కలుపు మొలవడానికి వెలుతురే దొరకదు. కలుపు మందుల మీద తగలేసే డబ్బులో సగం గడ్డికోత యంత్రం (మోవర్‌) మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఆ మోవర్‌ రీల్ రకమై ఉండాలి. ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు, ఉన్ని గుడ్డల మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి 1830లో దీన్ని రూపొందించాడు. తిరిగే బ్లేడ్ల చక్రం కింద కదలని పలక ఒకటి ఉంటుంది. రెంటి మధ్యా ఆకు కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. మామూలు రోటరీ మోవర్‌లో ఆకు బ్లేడు విసురుకు తెగుతుంది కాబట్టి పదును తగ్గితే ఆకు కొస చిరిగి, మర్నాటికి తెల్లబారుతుంది. రీల్ పదును తేల్చేది కాగితం ముక్క. దాన్ని పలక మీద పెట్టి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎక్కడ పెట్టినా చక్కగా తెగాలి. నలిగి మడతపడిన చోట సర్దుబాటు కావాలి.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత మంచి రీలైనా గట్ల మీద గడ్డిని బోడిచేస్తుంది. గడ్డి జోరుగా పెరిగే రోజుల్లో ఇసుక పలచగా చల్లి, ఆకు కొసలు పైకి కనబడేలా సర్దాలి. గుంత లోతుగా ఉంటే ఒకేసారి పూడ్చకుండా విడతలుగా పోయాలి. మంచు పడ్డాక గడ్డి గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, చావదు. వసంతంలో పచ్చ తిరిగే వేళకు ఆ ఎండు పొరను కిందికంటా కోసి ఎత్తిపారేస్తే నేలకు ఎండ తగిలి త్వరగా లేస్తుంది. మూడోవంతు నియమాన్ని ఏడాది మొత్తంలో కావాలని దాటేది అప్పుడే.

ఇంత ఓపిక అందరికీ అక్కర్లేదు. రెండంగుళాల ఎత్తున ఉంచి, పదునైన రోటరీతో వారానికోసారి కోసుకున్నా చూడ్డానికి బాగానే ఉంటుంది. నీడకు మాత్రం ఏ కోతా మందు కాదు. రోజుకు ఆరేడు గంటల ఎండ పడని చోట ఈ గడ్డి ఏటేటా పలచబడుతుంది. అలాంటి చోట చెట్టు బెరడు పరిచి ఊరుకోవడం నయం.